గామా లెక్క వేరు, యురేనియం లెక్క వేరు

సంపాదకులకు నమస్కారం.

నమీబ్ ఎడారిలో యురేనియం అన్వేషణ గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆఫ్రికా పడమటి తీరాన జరిగే పనిని తెలుగు పాఠకుల ముందుకు తెచ్చినందుకు సంతోషం. కానీ అందులో ఒక వాక్యాన్ని సరిదిద్దక తప్పదు. ‘మీటరు మామూలు కంటే ఆరు రెట్లు చూపింది కాబట్టి అక్కడ భారీ నిక్షేపం ఉన్నట్టే’ అని రాశారు. ఎడారి నేలల్లో ఆ ‘కాబట్టి’ చెల్లదు.

రేడియోధార్మికతను కొలిచే ఆ గామా మీటరుకు వినిపించేది యురేనియం కాదు. యురేనియం-238 విడుదల చేసే గామా కిరణాలు చాలా బలహీనం. యురేనియం క్షీణిస్తూ ఒకదాని తర్వాత ఒకటిగా వేరే మూలకాలుగా మారుతుంది. మనం కొలిచేది ఆ సంతతిలో ఎన్నో తరాల తర్వాత పుట్టే బిస్మత్-214ని. దాని గామా శక్తి 1.76 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు). ఈ రెండింటి మధ్య యురేనియం-234, థోరియం-230, రేడియం-226, రేడాన్ వాయువు ఉన్నాయి. ఒక్కొక్కటి నీటిలో, గాలిలో ఒక్కో తీరుగా ప్రవర్తిస్తుంది. ఖనిజం పది లక్షల ఏళ్లకు పైగా కదలకుండా మూసిపెట్టినట్టు ఉంటేనే ఈ తరాలన్నీ సమతౌల్యానికి, అంటే ఎంత పుడితే అంతే క్షీణించే స్థితికి, వస్తాయి. అప్పుడు మాత్రమే బిస్మత్‌ని లెక్కపెట్టి యురేనియం ఎంతో చెప్పగలం. రోసింగ్ గనిలో ఉన్నది సుమారు 50 కోట్ల ఏళ్లనాటి గట్టి గ్రానైటు జాతి రాయి, అక్కడ ఈ లెక్క చాలావరకు నిలుస్తుంది. అదే ఎడారిలోని లాంగర్ హైన్రిక్ వంటి కాల్‌క్రీట్ నిక్షేపాల్లో దాన్ని గుడ్డిగా నమ్మకూడదు.

కాల్‌క్రీట్ అంటే మనకు తెలియనిదేమీ కాదు. మన నల్లరేగడి చేలల్లో నాగలికి తగిలే సున్నపు కంకర లాంటిదే, ఇసుకనూ గులకరాళ్లనూ పట్టుకుని మీటర్ల మందాన రాయిగా బిగుసుకుంటుంది. చుట్టుపక్కల గ్రానైటు కొండల నుంచి యురేనియం కార్బనేటుతో జతకట్టి భూగర్భ జలాల్లో దిగువకు ప్రయాణిస్తుంది. పూడిపోయిన పాత వాగులో నీరు పైకి చేరి ఆవిరయ్యే చోట సున్నం పేరుకుంటుంది, ఆ కార్బనేటు జత విడిపోతుంది. అదే నీటిలో పొటాషియం, ఆక్సిజన్ తగిలిన వనేడియం కూడా ఉంటే మూడూ కలిసి కార్నోటైట్ అనే పసుపు పొడిగా గులకరాళ్ల మీదా పగుళ్లలోనూ పూతలా అంటుకుంటాయి. గుడ్డుసొన రంగులో ఉంటుంది, వేలితో గీస్తే రాలిపోతుంది. అతినీలలోహిత దీపం కింద మెరుస్తుందని చాలామంది అనుకుంటారు గానీ కార్నోటైట్ మెరవదు. ఆ దీపంతో వెతికితే ఖనిజం మీద నడుస్తూ కూడా దాటిపోతాం.

ఇలా నీటితో వచ్చిన యురేనియం మళ్లీ నీటితోనే పోగలదు. పోయాక రేడియం అక్కడే మిగిలితే మీటరు గట్టిగా అరుస్తుంది, కింద మాత్రం ఖనిజం ఉండదు. దానికి ఎదురు కూడా జరుగుతుంది. యురేనియం ఈమధ్యనే, భూగర్భశాస్త్రం లెక్కలో ఈమధ్యనే, వచ్చి చేరితే సంతతి ఇంకా పుట్టి ఉండదు, మీటరు నీరసంగా చూపుతుంది. మంచి ఖనిజాన్ని వదిలేసుకునేది ఇక్కడే.

విమాన సర్వేకు వచ్చేసరికి ఇంకో చిక్కు. 30 సెంటీమీటర్ల పొడి ఇసుక కప్పితే చాలు, ఆ గామాలో పది వంతుల్లో తొమ్మిది వంతులు పైకి రావు. అంటే ఆకాశం నుంచి గీసిన పటం నేల పైపొరకు సంబంధించినదే. పటంలో ఖాళీగా కనిపించిన చోటు ఖాళీ అని కాదు, కప్పబడి ఉండవచ్చు. పైగా తెల్లవారుజామున గాలి నిలిచిపోయి రేడాన్ నేలకు దగ్గరగా పేరుకుంటుంది. ఆ వేళ ఎగిరిన గీతలు, మధ్యాహ్నం ఎగిరిన గీతలు ఒకదానికొకటి సరిపోవు. నమీబ్‌కు అట్లాంటిక్ ఆనుకునే ఉంది కనుక రోజూ సముద్రం మీద కాసేపు ఎగిరి, కేవలం గాలిలోని రేడాన్ వాటా ఎంతో కొలిచి తీసెయ్యవచ్చు. చేతిలో పట్టుకునే స్పెక్ట్రోమీటరుకు ఎడారి వేడి శత్రువు. ఉదయం చలిలో సరిచేసిన సోడియం అయొడైడ్ స్ఫటికం మధ్యాహ్నపు ఎండకు జారిపోతుంది, పొటాషియం శిఖరం 1.46 దగ్గర ఉండాల్సింది పక్కకు తప్పుతుంది. స్వయంగా సర్దుకునే పరికరమైనా సరే, రెండు మూడు గంటలకోసారి తెలిసిన గుర్తు రాయి మీద పెట్టి చూడాలి.

ఇసుక కింద దాగిన పాత వాగును పట్టడానికి విద్యుదయస్కాంత సర్వే మేలు. వాగు పొరల్లో ఉప్పునీరు నిలిచి ఉంటే విద్యుత్తు సులువుగా పారుతుంది, పక్కన గట్టి రాయిలో పారదు. కాలువ ఎటు వంపు తిరిగిందో, ఎక్కడ ఇరుకైందో తెలుస్తుంది. ఇరుకు దగ్గర, రెండు వాగులు కలిసే చోట నీరు పైకి ఎగదన్నుతుంది, వెతకాల్సిందీ అక్కడే. అక్కడ అడుగున్నర, రెండడుగుల లోతున రేడాన్‌ను పట్టే కప్పులు బోర్లించి పాతి మూడు నాలుగు వారాలు ఉంచుతారు. ఇవి కూడా చెప్పేది రేడియం సంగతే అని మరిచిపోకూడదు.

ఇక అసలు పని బోర్లది. మీ వ్యాసం దీన్ని ఒక్క వాక్యంలో దాటేసింది. కాల్‌క్రీట్‌లో సాధారణంగా గాలి ఒత్తిడితో రాతి పొడిని లోపలి గొట్టం గుండా పైకి తెచ్చే రివర్స్ సర్క్యులేషన్ రిగ్గు వాడతారు. మీటరుకో సంచి. 140 మిల్లీమీటర్ల బోరులో, రాయి సాంద్రత 2.2 అనుకుంటే, ప్రతి మీటరుకూ దాదాపు 34 కిలోలు రావాలి. అందుకే ప్రతి సంచినీ తూకం వెయ్యాలి. 24 కిలోలే వచ్చిందంటే మూడో వంతు దాకా ఎక్కడో పోయింది. పోయింది ఏది? సైక్లోన్, అంటే గాలి నుంచి రాతి పొడిని వేరుచేసే గరాటు, పైనుంచి మేఘంలా లేచిన సన్నటి దుమ్ము. కార్నోటైట్ ఉండేది ఆ సన్నపొడిలోనే. గులకరాళ్లు సంచిలో పడ్డాయి, యురేనియం గాలికి పోయింది, ప్రయోగశాల మాత్రం తన పనిలో ఏ తప్పూ లేకుండానే తక్కువ గ్రేడు (రాయిలో యురేనియం పాలు) చెబుతుంది. రిగ్గు దగ్గర పనిచేసేవారు పీల్చేది కూడా ఆ దుమ్మునే. కాబట్టి సైక్లోన్‌కు దుమ్ము పట్టే సంచులు బిగించడం, మనుషులకు సరైన మాస్కులు ఇవ్వడం ఆరోగ్యానికే కాదు, లెక్కకూ అవసరం. కొన్ని చోట్లయినా రివర్స్ సర్క్యులేషన్ బోరు పక్కనే వజ్రపు బిట్టుతో కోరు (చెక్కుచెదరని రాతి కడ్డీ) తీసి రెండింటినీ పోల్చాలి. ఆ పోలిక లేని గ్రేడును కంపెనీ ప్రకటనలో చూస్తే అనుమానించాల్సిందే.

34 కిలోల నుంచి ఎనిమిదో వంతు, అంటే నాలుగు కిలోల చిల్లర, విభజన పెట్టెతో తీస్తారు. గరిటెతో పైపైన తోడితే ముతక, సన్న పాళ్లు తారుమారవుతాయి. ఇరవై నమూనాలకొకటి చొప్పున యురేనియం లేని రాయి, గ్రేడు తెలిసిన ప్రామాణిక పొడి, అదే సంచి నుంచి రెండో నమూనా చేర్చి పంపాలి. ఈ మూడూ తప్పితే మిగతా అంకెల మీద ఆధారపడలేం.

బోరు పూర్తికాగానే గామా ప్రోబ్ దించి అడుగు నుంచి పైకి నెమ్మదిగా లాగుతూ రికార్డు చేస్తారు. ఆలస్యం చేస్తే బోరులో రేడాన్ నిండి అంకె పెరుగుతుంది. ఉక్కు రాడ్ల లోపల నుంచి కొలిస్తే తగ్గుతుంది. రెండిటికీ సవరణ ఉండాలి, ప్రోబ్‌ను దక్షిణాఫ్రికాలోని పెలిండాబా వంటి చోట్ల గ్రేడు తెలిసిన గుంతల్లో దించి సరిచూసి ఉండాలి. ఇలా వచ్చే అంకె పేరు ‘తుల్య యురేనియం’ (ఈక్వివలెంట్), ఇంగ్లిషు ప్రకటనల్లో ముందు చిన్న ‘ఈ’ అక్షరం ఉంటుంది. ఆ ఒక్క అక్షరమే నా ఉత్తరానికి కారణం. అది లెక్కగట్టిన యురేనియం, కొలిచినది కాదు.

గామా అంకెనూ రసాయన పరీక్ష అంకెనూ పోల్చాలంటే కొన్ని నమూనాలను గాలి చొరని డబ్బాల్లో మూసి మూడు నాలుగు వారాలు ఉంచాలి. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులు, ఆ వ్యవధిలో అది మళ్లీ రేడియంతో తూగుతుంది. అప్పుడు రేడియం కొలిచి, అదే పొడిలో యురేనియంను రసాయనికంగా కొలిచి నిష్పత్తి కడతారు. ఉదాహరణకు గామా 300 పీపీఎం (పది లక్షల పాళ్లలో 300) అంటే, రసాయన పరీక్ష 200 అంటే, నిష్పత్తి 0.67. తవ్వడానికి కనీస గ్రేడు 250 అనుకుంటే, పటం మీద ఎర్రగా కనిపించిన ఆ పొర మొత్తం వ్యర్థశిల అయిపోతుంది. ఒకే నిక్షేపంలో నీటిమట్టానికి పైన ఒక నిష్పత్తి, కింద ఇంకొకటి ఉండవచ్చు కనుక సగటు ఒక్కటి కట్టి అంతటికీ వాడటమూ ప్రమాదమే.

అంకెల దగ్గర ఇంకో మాట. యురేనియం లోహంగా చెబుతున్నారా, ఆక్సైడుగా చెబుతున్నారా అన్నది చూడండి. వెయ్యి పీపీఎం యురేనియం అంటే 1,179 పీపీఎం ఆక్సైడు. మీ వ్యాసంలో రెండూ కలిసిపోయి ఒకే పేరాలో 18 శాతం తేడా వచ్చింది.

గ్రేడు తేలినా ఖనిజాన్ని కరిగించగలమా అన్నది అన్వేషణ దశలోనే తేలాలి. టన్ను రాయిలో ఒక్క శాతం సున్నపురాయి ఉంటే సుమారు 9.8 కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని అది తినేస్తుంది. 30 శాతం ఉంటే 290 కిలోలు దాటుతుంది. టన్నుకు అరకిలో యురేనియం కోసం అది గిట్టదు. అందుకే లాంగర్ హైన్రిక్‌లో సోడా క్షారంతో కరిగిస్తారు. మన కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ అదే కారణంతో క్షార పద్ధతి, అక్కడి ఖనిజం డోలమైటు జాతి సున్నపురాయిలో ఉంది. కానీ నమీబ్‌లో జిప్సం ఎక్కువ. ఒక శాతం జిప్సం టన్నుకు సుమారు 6 కిలోల సోడాను వృథా చేస్తుంది. కాబట్టి యురేనియంతో పాటు ప్రతి మీటరుకూ కార్బనేటు, సల్ఫేటు కొలిపించాలి. ఈ పరీక్షలు ఖర్చని మొదట మానేస్తే, తర్వాత పాత సంచులు వెతుక్కోవాలి, అవి అప్పటికే ఎండకు చీలి ఉంటాయి.

బోరు మూసి, మిగిలిన పొడిని అందులోకే తిరిగి పోసి, బండి జాడలు చెరపడం కూడా ఈ పనిలో భాగమే. నమీబ్ కంకర మైదానాల మీద ఒక్క జీపు జాడ దశాబ్దాలు నిలుస్తుంది. లాంగర్ హైన్రిక్ ఉన్నది జాతీయ ఉద్యానవనం లోపల.

మన పరమాణు ఖనిజ అన్వేషణ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది. ఎడారి యురేనియం గురించి మళ్లీ రాసేటప్పుడు మీ విలేకరి అక్కడి నిపుణులను మూడు ప్రశ్నలు అడిగితే చాలు: ఆ అంకె గామాదా, రసాయనానిదా? సమతౌల్య నిష్పత్తి ఎంత? లోహమా, ఆక్సైడా? జవాబులను అంకె పక్కనే అచ్చువెయ్యండి.

చివరగా, నమీబ్‌లోనే ఎరోంగో ప్రాంతంలో ట్రెక్కోప్యే అనే గని ఉంది. అదీ కాల్‌క్రీట్ నిక్షేపమే, యురేనియం నిజంగానే ఉంది, కానీ గ్రేడు మరీ తక్కువ. దాని కోసం సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటును 2010లో కట్టారు, సామర్థ్యం ఏడాదికి 2 కోట్ల ఘనపు మీటర్లు. ధర పడిపోయాక గని పూర్తి ఉత్పత్తికి రాకుండానే పక్కన పడింది. ప్లాంటు మాత్రం పక్క గనులకు నీళ్లిస్తోంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత భూవిజ్ఞాన ఉద్యోగి,
హబ్సిగూడ, హైదరాబాద్