వార్షిక నివేదిక 2024-25: ఈసారి పిల్లల సంగతులే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా మన వీధి సంఘం నివేదిక మురుగు కాలువతో మొదలై వీధి దీపాలతో ముగుస్తుంది. ఈసారి ఆ రెండూ ముందే చెప్పేస్తాను. పూడిక రెండుసార్లు తీయించాం. మలుపు దగ్గరి దీపం ఇంకా వెలగడం లేదు, మళ్లీ అర్జీ పెట్టాం. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. మిగతా కాగితమంతా పిల్లలకే ఇస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మన సత్యనారాయణపురం వీధిలోకి నీళ్లు రాలేదు. రైలు పట్టాలకు అవతల సింగ్ నగర్, పాయకాపురం మాత్రం రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఫ్లైఓవర్ దగ్గర బోట్లు జనాన్ని దింపుతుంటే మనం పులిహోర పొట్లాలు, మంచినీళ్లు పట్టుకెళ్లాం. 7వ తేదీన వినాయక చవితి. పందిరి వేయాలా వద్దా అని కమిటీ తర్జనభర్జన పడుతుంటే, చిన్న మట్టి వినాయకుడు చాలని పిల్లలే తేల్చేశారు. మైకు, లైటింగు డబ్బు మిగిలింది.

ఇక్కడ పెద్దవాళ్లం చేసిన పొరపాటు ఒకటి రాయాలి. పాత బట్టలు ఇవ్వమని వాట్సాప్‌లో పెడితే రెండు రోజుల్లో ఆఫీసు గది నిండిపోయింది. మూటలు కట్టడానికి వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె జిప్పు ఊడిన ప్యాంటు పైకెత్తి, "అంకుల్, పండక్కి మీరు ఇది వేసుకుంటారా?" అంది. గదిలో ఉన్న మా నలుగురికీ నోట మాట రాలేదు. తర్వాత పిల్లలే కూర్చుని ఏరారు. సగానికి పైగా పక్కన పడేశారు. మిగిలినవి ఉతికి, ఇస్త్రీ చేయించాకే గది దాటాయి.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. నీళ్లు తీశాక పిల్లలు మాతోపాటు సింగ్ నగర్ వచ్చారు. మేం సంచులు దింపే హడావిడిలో ఉంటే, వాళ్లు తమ ఈడు పిల్లల పక్కన చేరి ఏం కావాలో అడిగారు. పాఠ్యపుస్తకాలు ఎలాగో తెచ్చుకోవచ్చు, జూన్ నుంచి రాసుకున్న నోట్సులు మాత్రం బురదలో ముద్దయిపోయాయి, మార్చిలో పబ్లిక్ పరీక్షలు, అదే టెన్షన్ అన్నారట పదో తరగతి వాళ్లు. మా సంచుల్లో బియ్యం, పప్పు, దుప్పట్లు ఉన్నాయి. నోట్సు మాట మాకు తట్టనే లేదు.

పూర్వం దసరాకి అయ్యవారు పిల్లల్ని వెంటబెట్టుకుని, విల్లంబులతో ఇంటింటికీ తిరిగేవారు. అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పు బెల్లాలు ముట్టేవి. మన కమిటీలోని పెద్దాయన ఈ సంగతి చెప్పగానే పిల్లలకి హుషారొచ్చింది. రంగుకాగితాలు అంటించిన వెదురు విల్లులు పట్టుకుని, ఆయన్నే అయ్యవారిగా ముందు నడిపించి వీధంతా తిరిగారు. పప్పు బెల్లాల బదులు లాంగ్ నోటుబుక్కులు, పెన్నులు అడిగారు. కొండ మీద అమ్మవారికి సరస్వతీదేవి అలంకారం చేసే మూలా నక్షత్రం రోజున సింగ్ నగర్ పిల్లల కోసం నోట్సుల రాత మొదలుపెట్టారు. సెలవులన్నీ అదే పని. లెక్కలు, సైన్సు పదో తరగతి వాళ్లు రాశారు. చిన్నవాళ్లు మార్జిన్లు గీశారు, అట్టలు వేశారు. ఫొటోస్టాట్ తీయిస్తే ఒక పూటలో అయిపోయేదిగా అన్నాను నేను. "రాస్తే మాకూ గుర్తుంటుంది అంకుల్" అన్నారు. నిజం చెప్పాలంటే అక్కడక్కడా తప్పులు దొర్లాయి. మన సభ్యుల్లో రిటైరైన లెక్కల మాస్టారు ఎర్ర పెన్నుతో దిద్దాకే పుస్తకాలు పంపాం.

దీపావళి గురించి రెండు మాటలు. టపాసుల చెత్త పారిశుద్ధ్య కార్మికులు వచ్చేలోపే మేం ఊడ్చేస్తామని పదిహేను మంది పేర్లిచ్చారు. తెల్లారి లేచింది ఐదుగురే. అయినా వీధి ఊడ్చారు.

భోగి (జనవరి 13) సాయంత్రం చిన్నపిల్లలందరికీ కలిపి ఒకేచోట భోగిపళ్లు పోశాం. మన వీధి చివర కడుతున్న అపార్టుమెంటులో పనికి వచ్చిన కుటుంబాల పిల్లల్ని మనవాళ్లే వెళ్లి పిలుచుకొచ్చారు. వాళ్లను వేరే వరుసలో కూర్చోబెట్టబోతే మన పిల్లలు ఒప్పుకోలేదు. పీటలన్నీ ఒకే వరుస. రేగిపళ్లు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర కలిపి బామ్మలు దిష్టి తీసి పోశారు. ఆ పిల్లల్లో ఒకరి తల్లి కొంగులో నానబెట్టిన శనగలు తెచ్చి, తన బిడ్డతోపాటు వరుసలో అందరి తలల మీదా పోసింది. ఆ కాసేపు ఇచ్చేదెవరో, పుచ్చుకునేదెవరో ఎవరికీ పట్టలేదు.

ఫొటోలు ఏవని కొందరు సభ్యులు అడుగుతున్నారు. ఇచ్చేటప్పుడు ఫోన్లు బయటికి తీయొద్దని పిల్లలు మాట తీసుకున్నారు. ఒకరిద్దరికి కోపం వచ్చిన మాట నిజమే కానీ, కమిటీ పిల్లల వైపే ఉంది.

వచ్చే దసరాకి నోటుబుక్కులు టోకున కొనడానికి కొంత సొమ్ము విడిగా ఉంచుదామన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. చర్చించండి.

చివరగా ఒక సమాచారం. పరీక్షలు అయిపోయాక సింగ్ నగర్ పిల్లలు కొందరు ఆ నోట్సులు తెచ్చి తిరిగిచ్చారు. అట్టలు మార్చారు, మన వాళ్లు వదిలేసిన బొమ్మలు కూడా గీసి పెట్టారు. పుస్తకాలు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. ఈ ఏడు పదో తరగతికి వచ్చిన ఎవరికైనా ఇస్తాం. తాళం చెవి కోశాధికారి గారి దగ్గర ఉంది.

ఇట్లు,
కార్యదర్శి