అద్దెకు రసీదు ఇప్పించండి: కర్ణాటక కార్మిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

బెంగళూరు, ఆగస్టు 2020

గౌరవనీయులైన మంత్రిగారికి,

కరోనా లాక్‌డౌన్‌తో ఊళ్లకు వెళ్లిపోయిన కూలీలు తిరిగొస్తున్నారు. అనంతపురం, చిత్తూరు, మహబూబ్‌నగర్ జిల్లాల మేస్త్రీలకు ఇక్కడి నుంచి ఫోన్లు వెళుతున్నాయి. మే మొదటి వారంలో బిల్డర్లతో సమావేశం కాగానే వలస కార్మికులను ఊళ్లకు చేర్చే రైళ్లను రద్దు చేసి, విమర్శలు వచ్చాక పునరుద్ధరించిన ప్రభుత్వానికి వారి అవసరం ఎంతో నేను చెప్పనక్కరలేదు. వచ్చినవారు ఎక్కడ ఉంటారన్నదే నా ప్రశ్న.

మార్చి 29న కేంద్ర హోంశాఖ మంచి ఉత్తర్వే ఇచ్చింది. కార్మికుల నుంచి నెల రోజులు అద్దె అడగకూడదు, బలవంతంగా ఖాళీ చేయిస్తే యజమానిపై చర్య తప్పదు అంది. అయితే ఆ రక్షణ కోరేవాడు తాను అద్దెకున్నట్టు ముందు చూపించుకోవాలి. వర్తూరు, సర్జాపుర రోడ్డు వైపు ఖాళీ స్థలాల్లో రేకుల షెడ్లలో ఉండేవారి దగ్గర ఏముంది? ఒప్పందం లేదు, రసీదు లేదు, పేరు మీద కరెంటు బిల్లు లేదు. చాలామందికి స్థలం ఎవరిదో కూడా తెలియదు. అద్దెను మేస్త్రీయే కూలిలో పట్టుకుంటాడు. కాగితం లేకపోతే ఏమవుతుందో జనవరిలో ఈ నగరంలోనే కరియమ్మన అగ్రహారంలో చూశాం. అక్కడివారిని విదేశీయులని అనుమానించి షెడ్లు కూల్చారు. ఆ తీరును హైకోర్టు తప్పుపట్టింది. కోర్టు దాకా వెళ్లగలిగేవారు ఎందరు?

ఇప్పుడు అద్దె మరో రకంగా పెరిగింది. ఆరుగురు పంచుకునే గదిలో దూరం పాటించి ముగ్గురే ఉంటే తలకు పడే అద్దె రెట్టింపవుతుంది. యజమాని ఒక్క రూపాయి పెంచనక్కరలేదు. పైగా మార్చిలో వదిలి వెళ్లిన గదికి కట్టిన అడ్వాన్సు తిరిగి రాదు, కొత్త గదికి మళ్లీ కట్టాలి.

జులై 8న కేంద్ర మంత్రివర్గం చౌక అద్దె ఇళ్ల పథకాన్ని ఆమోదించింది. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకిస్తారట, సంతోషం. కానీ తెల్లవారేసరికి సెంట్రింగ్ పనిలో ఉండాల్సినవాడికి ఊరవతలి ఇల్లు ఎంత చౌకైనా ఉపయోగం లేదు.

నిజానికి 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం పని జరిగినన్నాళ్లూ పనిచోటనే, లేదా దానికి వీలైనంత దగ్గరలో, ఉచితంగా వసతి చూపించాల్సింది పని చేయించుకునే యజమానే. వంటకు, స్నానానికి, మరుగుదొడ్డికి వేరుగా చోటుండాలని కూడా అందులోనే ఉంది. అపార్ట్‌మెంటు బ్రోషరులో ఈత కొలను బొమ్మ వేసేవారికి ఈ సెక్షన్ కనబడదు కాబోలు.

కాబట్టి వసతి చూపించని నిర్మాణాన్ని ముందుకు సాగనివ్వకండి. బయట షెడ్లలో ఉంటున్నవారికి నెలనెలా పేరు, మొత్తం, తేదీతో కన్నడంలోనో తెలుగులోనో హిందీలోనో రసీదు ఇవ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. అడ్వాన్సుకు కూడా. కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయంపై వసూలు చేసే ఒక శాతం సెస్సు మీ శాఖ చేతిలోనే ఉంది, పని దొరికే ప్రాంతాల్లో మంచానికి ఇంతని అద్దె తీసుకునే వసతి గృహాలు ఆ డబ్బుతో మొదలుపెట్టవచ్చు.

తనిఖీకి మీ అధికారులను పగలు పంపకండి, షెడ్లలో ఎవరూ ఉండరు. రాత్రి ఎనిమిది దాటాక పంపండి.

ఇట్లు,
బెంగళూరులో అద్దెకుంటున్న ఒక తెలుగువాడు