టీకా వేశాక ఆ అరగంటను తల్లులకు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

బిడ్డకు ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం టీకాలు వేయించాక ఓ అరగంట అక్కడే కూర్చోమంటారు. మందు పడక ఏదైనా తేడా వస్తే వెంటనే చూసుకోవడానికి పెట్టిన నియమం అది, మంచిదే. టీకాల రోజు గుంటూరులో ఏ పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా, ఇంచుమించు ఒకే ఈడు బిడ్డలతో తల్లులు బెంచీల మీద వరసగా కూర్చుని కనిపిస్తారు. తొమ్మిది నెలలు నిండాక తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా కోసం వచ్చిన తల్లులూ ఆ వరసలోనే ఉంటారు. పాలు, నిద్ర, ఏడుపుల తిప్పలన్నీ దాటి వచ్చినవాళ్లు వీళ్లు. నెలన్నర బిడ్డ తల్లి పక్కనే తొమ్మిది నెలల బిడ్డ తల్లి కూర్చుని ఉన్నా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే టైము చూసుకుని లేచి వెళ్లిపోతారు. ఆ అరగంటను తల్లులు ఒకరికొకరు సాయపడే సమయంగా మార్చమని నగరపాలక సంస్థను, వైద్య ఆరోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. కొత్త పథకం, కొత్త భవనం, కొత్త ఉద్యోగులు ఏవీ అక్కర్లేదు.

తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఇప్పటికీ ఉంది. కానీ ఆ పుట్టిల్లు గోరంట్లలోనో విద్యానగర్‌లోనో రెండు గదుల ఫ్లాట్ అయిపోయింది. అమ్మమ్మలు కూడా ఉద్యోగాలకో కూలికో పోతున్నారు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి చూసే మొదటి విడత నలభై రెండో రోజుతో ముగుస్తుంది, తర్వాత ఆమె వచ్చేది మూడో నెలలో. అంటే ఆరో వారం టీకా నాటికి తల్లి దాదాపు ఒంటరి. సరిగ్గా అప్పుడే ‘పాలు చాలడం లేదేమో’ అన్న భయం మొదలవుతుంది.

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బా పాలు ఇంట్లోకి వచ్చేది ఎక్కువగా ఈ భయంతోనే. రెండో వారంలో మొదలయ్యే సాయంకాలపు ఏడుపు ఆరో వారానికి తారస్థాయికి చేరుతుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. పొద్దు వాలాక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది, పది నిమిషాలకోసారి రొమ్ము అడుగుతుంది. అదే సమయానికి తల్లికి మొదటి వారాల్లో ఉన్న బరువు, బిగువు తగ్గి రొమ్ములు మెత్తబడతాయి. బిడ్డ తాగేదానికి తగ్గట్టు పాల ఉత్పత్తి కుదురుకుందని దాని అర్థం. ఇంట్లోవాళ్లు మాత్రం పాలు ఎండిపోయాయంటారు. రాత్రికి ఒక్క సీసా పడితే బిడ్డ నాలుగు గంటలు పడుకుంటుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ ఆ నాలుగు గంటలు రొమ్ము ఖాళీ కాలేదు. ఖాళీ కాని రొమ్ము తర్వాత తక్కువ పాలు తయారు చేస్తుంది. మర్నాడు రెండు సీసాలు కావాలి. పది పదిహేను రోజుల్లో భయపడ్డదే నిజమవుతుంది.

దీన్ని ఆపడానికి పక్కన కూర్చున్న తల్లి మూడు ప్రశ్నలు అడిగితే చాలు. రోజు మొత్తంలో బిడ్డ ఎన్నిసార్లు ఒంటికి పోస్తోంది? ఆరుసార్లు, అంతకు మించి, రంగు లేకుండా పోస్తుంటే పాలు అందుతున్నట్టే. రోజుకు ఎన్నిసార్లు పాలిస్తున్నారు, రాత్రిపూట ఇస్తున్నారా? ఎనిమిది నుంచి పన్నెండుసార్లు ఇవ్వాలి, అందులో రాత్రివి తప్పనిసరి. బరువు ఎంత పెరిగింది? మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు, అంటే టీకాకూ టీకాకూ మధ్య నాలుగు వారాల్లో ఇంచుమించు 600 నుంచి 800 గ్రాములు. నెలకు 500 గ్రాములు కూడా పెరగకపోతే అది మాటలతో తేలే విషయం కాదు, డాక్టరు చూడాలి. బరువు తూచేటప్పుడు బట్టలన్నీ తీసేసి, ప్రతిసారీ అదే కాటా మీద తూచాలి. పొత్తిళ్లతో ఒకసారి, లేకుండా ఒకసారి తూచి బిడ్డ చిక్కిందని బెంగపడే తల్లులు చాలామంది. ఇంకో మాట: తల్లిపాలే తాగే బిడ్డ నెలన్నర వయసులో మూడు నాలుగు రోజులు విరేచనం చేయకపోయినా, చేసినప్పుడు మెత్తగా ఉంటే, పొట్ట ఉబ్బకుండా ఉంటే కంగారక్కర్లేదు.

రెండోది చనుమొన పగుళ్లు. దీన్ని గోడ మీది పోస్టరు తీర్చలేదు. ఇంకో ఆడమనిషి పక్కన కూర్చుని పాలిచ్చేటప్పుడు చూడాలి. అందుకే టీకాలు వేసే చోట చాటుకు ఒక తెర కావాలంటున్నాం. బిడ్డ ఒళ్లంతా తల్లివైపు తిరిగి ఉండాలి. మెడ ఒక్కటే తిప్పి తాగితే పట్టు జారుతుంది. ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, ఆవులించినంత నోరు తెరిచే దాకా ఆగి, అప్పుడు బిడ్డను రొమ్ముకు చేర్చాలి. తల్లి ముందుకు వంగితే నడుం నొప్పి తప్ప లాభం లేదు. గడ్డం రొమ్ముకు ఆని, కింది పెదవి బయటికి మడతపడి, నల్లని వలయం కిందికంటే పైనే ఎక్కువ కనబడితే పట్టు కుదిరినట్టు. బుగ్గలు సొట్టపడుతున్నా, టక్ టక్ మని చప్పుడొస్తున్నా కుదరనట్టే. నొప్పి మొదటి క్షణాలు దాటి సాగుతుంటే పళ్లు బిగపట్టి ఓర్చుకోకూడదు. చిటికెనవేలు బిడ్డ నోటి మూలలోంచి పెట్టి పట్టు వదిలించి మళ్లీ పట్టించాలి. పగుళ్ల మీద సబ్బు రుద్దకుండా, చివరి పాలచుక్క రాసి ఆరనిస్తే చాలు. పాలు గడ్డకట్టినచోట గట్టిగా పిసకడం మన ఇళ్లలో మామూలే. అలా పిసికితే లోపలి వాపు పెరుగుతుంది. పాలివ్వబోయే ముందు కాసేపు వెచ్చని గుడ్డ, ఇచ్చాక చల్లని గుడ్డ వేయాలి. ఆ రొమ్ము పాలు ఆపకూడదు. జ్వరం వచ్చి, ఎర్రగా కాలుతున్న చోటు ఒక రోజులో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. మిర్చి యార్డులో, శీతల గిడ్డంగుల్లో తొడిమలు తీసే పనికి బాలింతలు తొందరగా తిరిగొస్తారు, కూలి ఆగితే ఇల్లు గడవదు కనుక. మిరప ఘాటు నీళ్లతో పోదు, నూనెలో కరుగుతుంది. చేతులు వట్టి నీళ్లతో కడుక్కుని రొమ్ము పట్టుకుంటే పగిలిన చనుమొన భగ్గుమంటుంది, బిడ్డ పెదవులు మండి రొమ్ము వదిలేసి ఏడుస్తుంది. పాలు పడటం లేదని పొరబడేది ఇక్కడే. ముందు వంటనూనె చేతులకు, గోళ్ల సందులకు పట్టించి గుడ్డతో తుడవాలి, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. యార్డు చీర, జాకెట్టు మార్చాకే బిడ్డను ఎత్తుకోవాలి. పనిలో ఒక పాత చొక్కా పైన తొడుక్కుని, ఇంటికి రాగానే అది గుమ్మం బయటే విప్పేస్తే సగం బాధ తగ్గుతుంది. ఈ కిటుకు ఆ పని చేసే తల్లి నోటివెంట వస్తేనే మరో తల్లికి చేరుతుంది.

టీకా సంగతులు కూడా ఆ అరగంటలోనే మాట్లాడుకోవచ్చు. పుట్టగానే క్షయ రాకుండా వేసిన బీసీజీ టీకా దగ్గర రెండు నుంచి ఆరు వారాల్లో పొక్కు లేచి చీము పట్టినట్టు కనిపిస్తుంది. అది రావాల్సిందే. పిండొద్దు, పసుపు పెట్టొద్దు, ఆయింట్‌మెంట్ రాయొద్దు, తనంతట తానే మచ్చ పడి మానుతుంది. తొడ మీద సూది వాపుకు తడిగుడ్డ వేయాలి, రుద్దకూడదు. సూది వేసేటప్పుడు రొమ్ము పట్టిస్తే బిడ్డకు నొప్పి తక్కువ తెలుస్తుంది. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకాకు ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. ఇక్కడ ప్రమాదకరమైన పొరపాటు ఒకటి జరుగుతుంది. పారాసిటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సిరప్‌లో మామూలుగా ఐదు మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములే. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే నాలుగు రెట్లు పడ్డట్టే. అందుకని ఏ సీసా, ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకు అన్నది బిడ్డ బరువు చూసి, టీకాలు వేసే ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం చేత కార్డు మీదే రాయించుకోవాలి. పొరుగింటి సీసా వాడొద్దు.

తల్లులు కూర్చుంటే అన్ని సలహాలూ మంచివే వస్తాయని మేం అనడం లేదు. తేనె నాకించమనడం, గ్రైప్ వాటర్ పట్టమనడం, చెవిలో నూనె పోయమనడం, ఎండాకాలం కదా అని నీళ్లు పట్టమనడం కూడా తల్లుల నోటి నుంచే వస్తాయి. ఏడాది లోపు తేనె ప్రమాదం. ఆరు నెలల దాకా మే నెల ఎండల్లో కూడా బిడ్డకు నీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. దాహం తీర్చాల్సింది బాలింతకు. పథ్యం పేరుతో ఆమెకు మంచినీళ్లు కొలిచి పోయడం మానాలి. పాలిచ్చిన ప్రతిసారీ పక్కన ఒక గ్లాసు ఉండాలి. అందుకే కూర్చునే చోట కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. మందు పేరు ఎవరూ చెప్పకూడదు. ‘మా వాడు రాత్రంతా నిద్రపోతాడు’ లాంటి పోలికలు తేకూడదు. డబ్బా పాలు పట్టే తల్లిని నిలదీయకూడదు. ఆమెకు కావాల్సింది వేరే సాయం: కాచి చల్లార్చిన నీళ్లు, డబ్బా మీద రాసిన లెక్క ప్రకారం తలగొట్టిన చెంచా, అప్పటికప్పుడు కలపడం. డబ్బా ఎక్కువ రోజులు రావాలని పల్చగా కలపడం వల్లే బిడ్డలు చిక్కిపోతారు. డబ్బాల కంపెనీల ఉచిత నమూనాలు, బహుమతులు 1992 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం, వాటిని ఆ గదిలోకి రానీయకూడదు.

పద్నాలుగో వారానికి మాటలు పని వైపు మళ్లుతాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు ఇచ్చింది. బిడ్డకు 15 నెలలు వచ్చే దాకా పని మధ్యలో రెండుసార్లు పాలిచ్చేందుకు విరామం ఇవ్వాలని అసలు చట్టంలోనే ఉండేది, ఇప్పుడు దాని బదులు వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. దుకాణాల్లో, ప్రైవేటు బడుల్లో పనిచేసే తల్లుల్లో ఇది తెలియనివాళ్లు చాలామంది. పాలు పిండి ఉంచడం పనిలో చేరే రోజున నేర్చుకునేది కాదు, రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. ఉడికించిన స్టీలు గిన్నె, కడిగిన చేతులు. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకు రెండు వేళ్ల వెడల్పు వెనక ఉంచి, ముందు ఛాతీవైపు నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరకు తెచ్చి వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. మొదట్లో చుక్కలే పడతాయి, రెండు మూడు నిమిషాలకు పాలు చేపుతాయి. గది చల్లగా ఉంటే నాలుగు గంటలు, మన వేసవిలో అంతకంటే తక్కువ నిలుస్తాయి కనుక వెంటనే ఫ్రిజ్‌లో లోపలివైపు పెట్టి, ఒక రోజులో వాడేయడం మేలు. తలుపు అరలో పెట్టొద్దు, పొయ్యి మీద కాచొద్దు. గోరువెచ్చని నీళ్లలో గిన్నె ఉంచితే చాలు. పైన తేలిన మీగడ చూసి విరిగాయనుకుని పారబోస్తుంటారు. నెమ్మదిగా తిప్పితే కలిసిపోతుంది. పట్టడానికి సీసా కంటే మన ఉగ్గుగిన్నె మంచిది. బిడ్డను సగం కూర్చోబెట్టినట్టు పట్టుకుని, గిన్నె మూతి కింది పెదవికి ఆనించి, బిడ్డ నాలుకతో అందుకునేలా వంచాలి. గొంతులో పోస్తే పొలమారుతుంది.

తల్లి మనసు గురించి కూడా చెప్పాలి. కాన్పయిన తొలి రోజుల్లో కన్నీళ్లు, చిరాకు సహజం, రెండు వారాల్లో తగ్గాలి. ఆరో వారం నాటికీ తగ్గకపోతే, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోతే, బిడ్డను చూసినా ఏమీ అనిపించడం లేదంటే, అది జబ్బు, మందూ వైద్యమూ ఉన్న జబ్బు. ‘ఎలా ఉన్నావమ్మా’ అంటే బాగున్నాననే అంటారు. ‘నిన్న రాత్రి ఎంతసేపు పడుకున్నావు, మధ్యాహ్నం ఏం తిన్నావు’ అని అడిగితే మాట బయటికొస్తుంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. చనిపోవాలనో, బిడ్డను ఏమైనా చేయాలనో ఆలోచన ఉందని చెబితే ఒంటరిగా ఇంటికి పంపకుండా అప్పుడే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, నిమిషానికి అరవైకి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు చల్లబడ్డా, ఫిట్స్ వచ్చినా అంతే, 108కి ఫోన్ చేయాలి.

కేంద్రాల నుంచి మేం అడిగేది కొద్దిగానే. రెండు చాపలు, ఒక తెర, ఫ్యాను కింద చోటు, మంచినీళ్లు. ఆ వారం ఎవరెవరు టీకాకు రావాలో ఏఎన్‌ఎం దగ్గరి జాబితాలో ఉంటుంది. అందులోంచి ఎంఆర్ టీకాకు వచ్చే ఇద్దరు తల్లులను ముందుగా అడిగి, ఒక గంట ఉండమని ఒప్పించవచ్చు. ఆరో వారం తల్లులను ఒకే వీధివాళ్లను ఒకచోట కూర్చోబెడితే, మర్నాటి నుంచి ఒకరి బిడ్డను ఇంకొకరు అరగంట ఎత్తుకుని స్నానానికో కునుకుకో వీలిచ్చుకుంటారు. ఆశా కార్యకర్త మొదటి పది నిమిషాలు ఉంటే చాలు. వచ్చే టీకాల రోజున ఒక్క కేంద్రంలో మొదలుపెట్టినా, చాపలు, తెర మేమే తెచ్చిస్తాం.

ఇట్లు,
బాలింతలకు తోడుగా ఉండే కొందరు తల్లులు,
గుంటూరు