నోట్లో గుడ్లున్న చేపకు మందులు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఆ మధ్య మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అక్వేరియంల మీద వచ్చిన కథనం చదివాను. ఉప్పునీటి ట్యాంకుల గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ, కాబట్టి ముందు దానికి థ్యాంక్స్. అందులో బంగాయ్ కార్డినల్ ప్రస్తావన కూడా ఉంది. వెండి రంగు ఒంటి మీద నల్ల పట్టీలు, తెల్ల చుక్కలు ఉండే చిన్న చేప. తేలిగ్గా బతుకుతుందని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఈ చేప గురించి కొనేవాళ్లకు తెలియాల్సిన అసలు సంగతులు రెండున్నాయి, అవి తెలియక జనం చేపల్ని చంపుకుంటున్నారు.

మొదటిది, దీని కాన్పు. ఆడది గుడ్ల ముద్ద వదలగానే మగది దాన్ని నోట్లోకి తీసేసుకుంటుంది. గుడ్డు 3 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అలాంటివి 40, 50, ఒక్కోసారి 90 వరకూ. గుడ్లు పిగిలి పిల్లలవడానికి మూడు వారాలు పడుతుంది, పిగిలాక కూడా పిల్లల్ని వెంటనే వదలదు, ఇంకో వారం అటూ ఇటూగా నోట్లోనే ఉంచుకుంటుంది. అంటే దాదాపు నెల రోజులు ఆ తండ్రి చేపకు తిండి లేదు. మేత వేయగానే మిగతావన్నీ ఎగబడుతుంటే ఇది ఒక మూల నిలబడి ఉంటుంది, ముక్క మూతి ముందు నుంచి పోయినా కదలదు. దవడ కింద చర్మం ఉబ్బి కిందికి జారి ఉంటుంది. ఉండుండి నోరు కొంచెం తెరిచి లోపలున్న ముద్దను ఒక్క కుదుపు కుదిపి మళ్లీ మూస్తుంది, గుడ్లకు కొత్త నీళ్లు తగలాలి కదా. ఆ క్షణంలో అద్దం దగ్గర ఉంటే నారింజ రంగు గుడ్లు కనిపిస్తాయి. చివరి రోజుల్లో అయితే నోట్లోంచి బుల్లి బుల్లి వెండి కళ్లు మన వైపే చూస్తుంటాయి. ఇన్నేళ్లుగా ట్యాంకు పెట్టుకున్నా నాకిప్పటికీ అది చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

ఇది తెలియనివాళ్లు ఏమనుకుంటారు? చేప తినట్లేదు, గొంతు వాచింది, జబ్బు చేసింది. మాకు తెలిసిన ఒకాయన టెన్షన్ పడి షాపుకి ఫోన్ చేస్తే గొంతు ఇన్ఫెక్షన్ అని చెప్పి రాగి కలిసిన మందు అంటగట్టారు. రాగి పడితే ఆ ట్యాంకులో రొయ్యలు, పగడాలు బతకవు, పైగా బెదిరిన మగది గుడ్లను ఉమ్మేయడమో మింగేయడమో చేస్తుంది. వల వేసి పట్టుకుని వేరే ట్యాంకులో వేసినా అదే జరుగుతుంది. మొదటి కాన్పుల్లో మగది ఎలాగూ చాలాసార్లు గుడ్లు మింగేస్తుంది, దానికి ఎవరూ ఏమీ చేయలేరు, మళ్లీ జత కడతాయి. కాబట్టి దయచేసి దాని మానాన దాన్ని వదిలేయండి. మార్చక తప్పకపోతే చివరి వారంలో, వల లేకుండా, నీళ్లతో సహా డబ్బాలోకి తీసుకోండి.

జత గురించి ఒక మాట. పైకి చూసి మగా ఆడా చెప్పడం కష్టం, షాపువాళ్లు జత అని చెప్పి ఇచ్చేవి చాలాసార్లు రెండూ మగవే అవుతాయి, ఒకటి రెండోదాన్ని పొడిచి పొడిచి చంపుతుంది. చిన్నప్పుడే నాలుగైదు పిల్లల్ని తెచ్చుకుంటే వాటిలో రెండు వాటంతటవే జత కట్టి విడిగా తిరగడం మొదలుపెడతాయి, అప్పుడు మిగతావాటిని తీసేయడం మేలు.

పిల్లలు బయటికి వచ్చేసరికే అచ్చం పెద్దచేపల్లా ఉంటాయి, పట్టీలతో సహా. సముద్రంలో ఇవి సీ అర్చిన్ల, అంటే ఒంటినిండా పొడుగు ముళ్లుండే బంతిలాంటి జీవుల మధ్య దాక్కుంటాయి. ఇంట్లో అర్చిన్ లేకపోతే వైర్లు కట్టే నల్ల ప్లాస్టిక్ కేబుల్ టైలు కట్టగా కట్టి పెట్టినా వాటి మధ్యకే చేరతాయి. అలా దాచకపోతే పెద్దవి తినేస్తాయి. మేతకు అప్పుడే పిగిలిన ఆర్టీమియా, అంటే రొయ్య జాతికి చెందిన బుల్లి ఉప్పునీటి జీవి, చాలు, కాకపోతే దానికి ఒమేగా-3 నూనె పట్టించి ఇవ్వాలి. ఉత్త ఆర్టీమియాతో పెంచిన పిల్లలు పైకి బాగానే ఉంటాయి, ఒకరోజు లైటు వేయగానే బెదిరి గిలగిలా కొట్టుకుని చచ్చిపోతాయి.

ఆర్టీమియా అనగానే మన కోస్తావాళ్లకు వెలగాలి. విశాఖ, కాకినాడ తీరం వెంట ఉన్న రొయ్యల హ్యాచరీల్లో రోజూ చేసే పనే అది, డబ్బాలో గుడ్లు పోసి, గాలి పెట్టి, మర్నాటికి పిగిలించడం. నారింజ రంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేప పిల్లలకైతే మొదట్లో అంతకంటే చిన్నవైన రోటిఫర్లనే సూక్ష్మజీవుల్ని పెంచి పెట్టాలి, ఆ ప్రయాస ఎక్కువ. అయినా క్లౌన్ చేపల్ని హ్యాచరీలో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో తయారుచేసింది. బంగాయ్‌కి ఆ మొదటి గండమే లేదు. సముద్రపు నీళ్లు, ఆర్టీమియా, పని తెలిసిన టెక్నీషియన్లు అన్నీ ఇక్కడే ఉండగా ఈ చేప విమానమెక్కి రావాల్సిన అవసరం ఏమిటి?

ఇక రెండో సంగతి, ఆ విమానమెక్కి వచ్చేది ఎక్కడినుంచి అన్నది. ఇండోనేషియాలో సులవేసికి తూర్పున బంగాయ్ దీవులున్నాయి. ఈ చేప సహజంగా ఉండేది ఆ దీవుల చుట్టూనే. శాస్త్రవేత్తలు దీన్ని 1933లో వర్ణించినా అక్వేరియం వ్యాపారంలోకి వచ్చింది 1990ల మధ్యలో, వచ్చీ రాగానే గిరాకీ విపరీతంగా పెరిగింది. 2000ల మొదట్లో ఏడాదికి 6 లక్షలకు పైగా పట్టేవారని అంచనా. 2007లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాలో పెట్టింది. దీని కాన్పు తీరే దీనికి శాపమైంది. మిగతా పగడపు దిబ్బల చేపల పిల్లలు చాలావరకు వారాల తరబడి ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడెక్కడో స్థిరపడతాయి, ఒకచోట ఖాళీ అయినా ఇంకోచోటి నుంచి వచ్చి చేరతాయి. బంగాయ్ పిల్లలు తండ్రి నోట్లోంచి దిగిన చోటే ఉండిపోతాయి. ఒక దిబ్బ మీద చేపలన్నిటినీ ఎత్తేస్తే అక్కడికి మళ్లీ వచ్చే చేప ఉండదు.

నోట్లో గుడ్లు మోసే చేపను లెక్క లేకుండా పడితే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. సముద్రపు జెల్లల్లో కూడా మగదే గుడ్లు నోట్లో మోస్తుంది, ఒక్కో గుడ్డు గోలీకాయంత ఉంటుంది. జెల్ల పులుసు తినే మన తీరంలో కూడా ఈ సంగతి వేటకు వెళ్లేవాళ్లకు తప్ప ఎక్కువమందికి తెలియదు. పడమటి తీరంలో చేపల గుంపును చుట్టూ కమ్మేసి అడుగున బిగించే పర్సీన్ వలలు వచ్చాక గుడ్లు మోస్తున్న మగ జెల్లల గుంపులనే ఎత్తేశారు, గుడ్లు కుప్పలుగా నేలపాలయ్యాయి, ఆ తర్వాత అక్కడ జెల్ల వేట పడిపోయింది. మగది దొరికిందంటే ఆ ఏటి పిల్లలు కూడా దాంతోపాటే పోయినట్టు.

కొనొద్దని నేను అనను. నేనూ పెంచుతున్నాను, ఇంట్లో పిల్లలకు ఇంతకంటే మంచి జీవశాస్త్ర పాఠం దొరకదు. కానీ హ్యాచరీలో పుట్టిన పిల్లనే కొనండి. థాయ్‌లాండ్‌లో ఇప్పటికే వ్యాపారపరంగా పుట్టించి ఎగుమతి చేస్తున్నారు, ఇంట్లో పిల్లలు తీసి పంచుకునే హాబీవాళ్లు కూడా ఉన్నారు. సముద్రం నుంచి పట్టి తెచ్చినవి దారిలో ఇరుకు తొట్లలో వైరస్ పట్టి చావడం మామూలే, కాబట్టి డబ్బు లెక్కన చూసినా అది నష్టమే. మీ విలేకరులు ఒకసారి మన నగరాల షాపులకు వెళ్లి ఈ చేప ఎక్కడినుంచి వస్తోందో అడిగి రాయాలని నా కోరిక, పాఠకులు అడిగితే ఇవ్వని జవాబు పత్రికవాళ్లు అడిగితే ఇస్తారు.

అంతవరకూ కొనేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. డబ్బు ఇచ్చేముందు షాపతని చేతే గుళికల మేత వేయించండి. హ్యాచరీ పిల్లలు పుట్టినప్పటినుంచీ మనుషుల చేతి మేతకు అలవాటుపడి ఉంటాయి, గుళికలు పడగానే వచ్చి తింటాయి. సముద్రం నుంచి కొత్తగా వచ్చినవి ఎక్కువగా మొహం తిప్పుకుంటాయి. అయితే దవడ ఉబ్బి ఉందేమో ముందు చూసుకోండి, గుడ్లు మోస్తున్న మగది ఎక్కడ పుట్టినదైనా తినదు, దాన్ని ఆ రోజు కొనకండి.

ఇట్లు,
ఉప్పునీటి అక్వేరియం పెంచే ఒక పాఠకురాలు,
విశాఖపట్నం