బాలింత పథ్యం బిడ్డ దాకా వస్తోంది

సంపాదకుల వారికి,

మా అమ్మాయి కాన్పుకి పుట్టింటికొచ్చింది. మూడో నెల దాకా పథ్యం నేనే దగ్గరుండి చేయించాను. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి, రాత్రికి చారు. పప్పు వాతమన్నాను, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలన్నాను. నా కాన్పులకు మా అమ్మ పెట్టిందీ అదే.

ఒక సాయంత్రం పసివాడు ఏడుస్తున్నాడు. నోరు తెరుస్తున్నాడు, ముఖం కందిపోతోంది, చప్పుడు మాత్రం లేదు, టీవీకి సౌండ్ తీసేసినట్టు. గొంతు రాసిందనుకుని వస అరగదీసి నాకించాం. తెల్లారేసరికి డొక్కలు ఎగరేస్తున్నాడు. ఆస్పత్రిలో చిన్నపిల్లల డాక్టరు గుండె పెరిగిందన్నారు. ఆ వెంటనే, "తల్లికేం పెడుతున్నారమ్మా? బియ్యం ఎన్నిసార్లు కడుగుతారు?" అని అడిగారు. నాలుగుసార్లు కడిగి, గంజి వారుస్తామన్నాను. బి1 ఇంజెక్షన్ చేశారు. మర్నాటికి వాడి ఏడుపు వార్డంతా వినపడింది.

తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో బి1 విటమిన్ అంతంతమాత్రం. ఉన్న కాస్తా కడుగునీళ్లలో, గంజిలో పోతుందట. తల్లికి పాలు బాగానే పడతాయి, వాటిలో బి1 చాలదు. ఆమెకు కాళ్ల తిమ్మిర్లు తప్ప ఏమీ తెలియకపోవచ్చు. దెబ్బ రెండు మూడు నెలల బిడ్డకు తగులుతుంది. ఈ జబ్బు పేరు బెరిబెరి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలైందే బెరిబెరి పరిశోధన కోసం. వందేళ్లు దాటాక కూడా ఆ మాట మా వంటింటి దాకా రాలేదు.

కాన్పయ్యాక ఆరు నెలలు ప్రభుత్వం ఐరన్-ఫోలిక్ యాసిడ్, కాల్షియం మాత్రలిస్తోంది. వాటిలో బి1 లేదు. రేషన్‌లో ఇచ్చిన బలవర్ధక బియ్యంలోనూ కలిపింది ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 మాత్రమే. బి1 ఖరీదైన మందేమీ కాదు. ఆ మాత్రలు కూడా డిశ్చార్జి రోజే బాలింత చేతిలో పెట్టాలి. ఇంకోటి, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు చెప్పేదంతా బాలింతకే చెప్పి వెళ్తున్నారు. పథ్యం పెట్టేది మేం. మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాలి. బిడ్డకు రోజూ 400 యూనిట్లు వేయమని రాసిచ్చిన డి విటమిన్ చుక్కల సీసా కూడా మా ఇంట్లో ఫ్రిజ్ మీద మూత తీయకుండానే ఉండిపోయింది. పాలు తాగే బిడ్డకు చుక్కలెందుకన్నది నేనే.

ఇప్పుడు మా అమ్మాయి పప్పు, గుడ్డు, ఆకుకూర అన్నీ తింటోంది. బియ్యం ఒక్కసారే కడిగి, అత్తెసరు పెడుతున్నాను. మా వియ్యపురాలు మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "పప్పు పెట్టడం లేదు కదా వదినా?" అని అడుగుతూనే ఉంది.

- ఒక అమ్మమ్మ, తెనాలి