గ్లాసులో మూడు అంతస్తులు

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన ఫోటోను నేనూ మీ అమ్మా కళ్ళద్దాలు మార్చుకుని మరీ చూశాం. గ్లాసులో మూడు అంతస్తులు కట్టావు. పైన తెల్లటి నురగ, మధ్యలో రంగు వెలిసిపోయిన మంచు పలుకులు, అడుగున ఎండిన చెరువులో మిగిలే బురద లాంటి మడ్డి. కింద "నాన్నా, నీ గుమ్మడి కాఫీ ఇలా ఉండేది కాదు కదా?" అని ఒక్క ముక్క రాశావు. ఫోనులో చెబుదామనుకున్నాను. కానీ ఫోనులో నేను చెప్పేదాంట్లో సగం వింటావు, మిగతా సగానికి "సరే నాన్నా" అంటావు. అందుకే కాగితం తీశాను.

ముందు నీ మనసు కుదుటపడే మాట ఒకటి చెబుతాను. నాది కూడా మొదట్లో ఇలాగే ఉండేది. నువ్వు సెలవులకు వచ్చినప్పుడు తాగి మెచ్చుకున్నది నా అయిదో ప్రయత్నం. అంతకు ముందు నాలుగూ సింకు తాగింది.

నువ్వు అడగలేదు గానీ, ఈ పానీయం పుట్టుక తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. గుమ్మడికాయతో అల్లం, జాజికాయ కలపడం అమెరికా వాళ్ళకు పాత అలవాటే. 1796లో అక్కడ అచ్చయిన వంటల పుస్తకంలోనే ఆ కలయిక కనిపిస్తుంది. దాన్ని "పంప్‌కిన్ స్పైస్ లాటే" అన్న పేరుతో కాఫీలోకి తెచ్చి ప్రపంచమంతా తిప్పింది మాత్రం స్టార్‌బక్స్ అనే అమెరికా కాఫీ దుకాణాల సంస్థ. 2003లో రెండు నగరాల్లో అమ్మి చూసి, మరుసటి ఏడాది అమెరికా అంతటా పెట్టారు. తమాషా ఏమిటంటే 2015 దాకా అందులో గుమ్మడికాయే లేదు! పేరులో ఉన్నది గుమ్మడి వంటకాల్లో వేసే మసాలా మాత్రమే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. వీళ్ళ భుజాలు ఎంత తడిమినా బూడిద రాలేది కాదు.

నేనూ మొదట అదే దారి పట్టాను. మసాలా చాలదా, కాయ ఎందుకు అనుకున్నాను. వేడి కాఫీకైతే చాలు. ఐసుతో కలిపి మిక్సీలో తిప్పే దానికి చాలదు. ఎందుకంటే గుమ్మడికాయకు తనదంటూ పెద్ద రుచి లేదు. కాస్త తీపి, కాస్త మట్టి వాసన, అంతే. దాని పని చిక్కదనం ఇవ్వడం. గుజ్జులోని సన్నటి పీచూ పెక్టినూ నీళ్ళను పట్టి ఉంచుతాయి. జామ్ గడ్డకట్టేది కూడా ఈ పెక్టిన్ వల్లే. మంచు పలుకులు పైకి తేలిపోకుండా, మసాలా అడుగుకు దిగిపోకుండా రెండింటినీ ఆపేది ఆ గుజ్జే. దుకాణాల్లో చాలాచోట్ల ఈ పనికి జాంథన్ గమ్ లాంటి పొడి వాడతారు. మన దగ్గర కాయ ఉండగా ఆ పొడితో పనేముంది?

అయితే గుజ్జే నీళ్ళగా ఉంటే అది ఇంకెవరిని నిలబెడుతుంది? నువ్వు ముక్కలను నీళ్ళలో ఉడికించి ఉంటావు, పందెం. గుమ్మడికాయలో తొంభై శాతానికి పైగా నీళ్ళే. దాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచడం ఎందుకమ్మా? చిన్న కాయ తీసుకుని నిలువుగా రెండు చెక్కలు చెయ్యి. గింజలు, నార తీసేసి, కోసిన వైపు కిందికి పెట్టి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ముప్పావు గంట ఉంచు. తొక్క మీద వేలితో నొక్కితే సొట్ట పడాలి, అంచుల దగ్గర కాస్త గోధుమ రంగు తిరగాలి. ఓవెన్ లేకపోతే ఆవిరి మీద ఉడికించు. ఏదైనా సరే, చెంచాతో గుజ్జు తీసి మెత్తగా చేశాక పల్చటి బట్టలో మూట కట్టి గంటసేపు వేలాడదియ్యి. కింద గిన్నెలో పడే నీళ్ళు చూస్తే నీకే ఆశ్చర్యం వేస్తుంది. ఆ తర్వాత మందపాటి గిన్నెలో సన్నని సెగ మీద గుజ్జును కలుపుతూ ఉండు. గరిటెతో అడుగున ఒక గీత గీస్తే ఆ గీత వెంటనే పూడిపోకూడదు. క్షణం పాటు గిన్నె అడుగు కనిపించి, రెండు వైపుల నుంచి గుజ్జు బద్ధకంగా కదలాలి. ఆ బద్ధకం వచ్చినప్పుడు దించు.

డబ్బా గుజ్జు కొంటానంటే నేనేమీ అనను. అది ముందే నీరు తగ్గించినది, చాలా వాటికన్నా బాగానే ఉంటుంది కూడా. కానీ డబ్బా మీద రాసింది చదువు. ఒకే వరుసలో, దాదాపు ఒకే రంగు కాగితంతో రెండు రకాలు ఉంటాయి. ఒకటి వట్టి గుజ్జు, రెండోది చక్కెర, మసాలా ముందే కలిపినది, "పై" (pie) అనే తీపి వంటకం లోపల నింపే ఫిల్లింగ్. నా రెండో ప్రయత్నం ఆ రెండో డబ్బాతోనే జరిగింది. దాని మీద నా మసాలా, నా చక్కెర కూడా పడేసరికి అది కాఫీ అన్న సంగతే తెలియలేదు. ఇంకో మాట, హాలోవీన్ పండగకు ముఖాలు చెక్కి దీపం పెట్టే ఆ పెద్ద నారింజ రంగు కాయలు మాత్రం వద్దు. అంతా నార, నీళ్ళు. అమెరికా డబ్బాల్లో ఉండేది కూడా ఆ కాయ కాదు. ఎక్కువగా ఇల్లినాయ్ రాష్ట్రంలో పండే డికిన్సన్ అనే రకం. లేత గోధుమ రంగు తొక్కతో, చూడ్డానికి గుమ్మడికాయలాగే ఉండదు.

ఇక మసాలా. నా కొలత ఇది: దాల్చిన చెక్క పొడి నాలుగు చెంచాలు, శొంఠి రెండు, జాజికాయ ఒకటి, లవంగం అర చెంచా. కలిపి చిన్న సీసాలో పోసుకుంటే నీకు నెలల తరబడి వస్తుంది. లవంగం మీద చెయ్యి జారనివ్వకు. కాస్త ఎక్కువైతే మిగతా మూడింటినీ మింగేసి, నాలుకను మొద్దుబారుస్తుంది, పళ్ళ డాక్టరు గది గుర్తొస్తుంది. జాజికాయను మాత్రం పొడి కొనకుండా కాయ కొని, కావలసినప్పుడు సన్నగా తురుముకో. తురిమిన నిమిషంలో వచ్చే వాసన సీసాలో ఆరు నెలలు కూర్చున్న పొడికి ఎక్కడి నుంచి వస్తుంది? అలాగని ప్రేమ కొద్దీ ఎక్కువ వెయ్యకు, చెంచాల కొద్దీ కడుపులోకి వెళితే జాజికాయ విషమే. ఈ కాయ కోసం డచ్చివాళ్ళూ ఆంగ్లేయులూ సముద్రాల మీద కొట్టుకున్నారు. 1667లో జరిగిన సంధిలో జాజికాయ చెట్లున్న రన్ అనే బుల్లి దీవి డచ్చివాళ్ళకు మిగిలింది, అమెరికాలో, ఇప్పటి న్యూయార్క్ నగరంలోని మన్‌హాటన్ ఆంగ్లేయులకు మిగిలింది. అప్పట్లో లాభపడింది డచ్చివాళ్ళేనని చాలామంది అనుకుని ఉంటారు. జాజికాయ తురుముతూ ఉంటే నాకెప్పుడూ ఇదే గుర్తొస్తుంది, మీ అమ్మకు ఎప్పుడూ ఇదే చెబుతాను, ఆమె ఎప్పుడూ వినదు.

నీ గ్లాసు అడుగున ఉన్న బురద సంగతికి వస్తాను. మసాలా పొడి అంటే ఏమిటి? చెక్కా, మొగ్గా, గింజా. ఎంత మెత్తగా దంచినా అది ఉప్పులా కరగదు. వాటి వాసన నూనెల్లో ఉంటుంది, ఆ నూనెలు కొవ్వులో కలిసినంత బాగా నీళ్ళలో కలవవు. నువ్వు పొడిని నేరుగా చల్లటి పాలలో వేశావు. అది ఉండలు కట్టి, ఉన్న వాసన తనలోనే దాచుకుని, హాయిగా అడుగున పడుకుంది. అందుకే ముందు వేడి చూపించాలి. చిన్న గిన్నెలో చెంచా వెన్న కరగనిచ్చి, అర చెంచా మసాలా వెయ్యి. పది పదిహేను క్షణాల్లో గది వాసన మారుతుంది, పక్క గదిలోంచి ఎవరో "ఏం చేస్తున్నావు?" అని అడుగుతారు. అదే గుర్తు. వెంటనే మూడు పెద్ద చెంచాల గుజ్జు, రెండు పెద్ద చెంచాల బెల్లం రంగు చక్కెర, కాసిని పాలు, చిటికెడు ఉప్పు వేసి మూడు నిమిషాలు కలుపు. ఉప్పు మానేయకు. తెలియదు గానీ, లేకపోతే తెలుస్తుంది. ఇది రెండు పొడవాటి గ్లాసులకు సరిపోతుంది. చక్కెర ఎక్కువనిపిస్తుందేమో, తగ్గించకు. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. వేడిగా రుచి చూసి సరిపోయిందనుకుంటే చల్లారాక చప్పగా ఉంటుంది.

ఆ ముద్ద పూర్తిగా చల్లారాలి. పూర్తిగా అంటే ఫ్రిజ్‌లో పెట్టి, గిన్నె పట్టుకుంటే చెయ్యి చల్లబడేంత. ఇక్కడే నా మూడో ప్రయత్నం పైకప్పుకు అంటుకుంది. ఓపిక లేక పొగలు కక్కుతున్న ముద్దనూ పాలనూ మిక్సీలో పోసి మూత పెట్టాను. బటన్ నొక్కిన మరుక్షణం లోపలి ఆవిరి మూతను ఎగరగొట్టింది. వంటగది పైకప్పు మీద నారింజ రంగు చుక్కలు, నా చొక్కా మీద చుక్కలు, మీ అమ్మ పత్రిక మీద చుక్కలు. కాలలేదు, అదే అదృష్టం. గోడలు తుడిచాను గానీ పైకప్పు మీద ఒక మరక ఇంకా ఉంది. వచ్చినవాళ్ళందరికీ మీ అమ్మ తలెత్తి చూపిస్తుంది. వేడివి మిక్సీలో వెయ్యకు, చల్లవి వేసినా మూత మీద చెయ్యి తియ్యకు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, నీ ఫోటో చూడగానే నాకు అర్థమైనది. నువ్వు వేసింది నీళ్ళ ఐసు. నీళ్ళ ఐసు కరిగితే నీళ్ళవుతుంది. ఎంత మంచి కాఫీ అయినా పావుగంటలో కాఫీ గ్లాసు కడిగిన నీళ్ళవుతుంది. ఐసు వెయ్యకు, కాఫీనే ఐసు చెయ్యి. మామూలుగా వేసే పొడికి రెట్టింపు వేసి, 240 మిల్లీలీటర్లకు 30 గ్రాముల లెక్కన, చిక్కటి కాఫీ దించు. చల్లారాక ఐసు గళ్ళలో పోసి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచు. మరునాడు అవి కరిగితే కాఫీయే అవుతాయి, ఇక పల్చబడటం అన్న మాటే లేదు. గళ్ళ ట్రేకి ఫ్రీజర్‌లోని ఇతర వాసనలు చప్పున పడతాయి కాబట్టి మూత వెయ్యి. మిగిలిన గుమ్మడి గుజ్జును కూడా ఇలాగే గళ్ళల్లో గడ్డకట్టించి సంచిలో వేసుకోవచ్చు, రెండు మూడు నెలలు ఉంటుంది. ఫ్రిజ్‌లో అయితే మూడు నాలుగు రోజులే.

మిక్సీలో ముందు చల్లటి పాలు ముప్పావు కప్పు, దాని మీద గుమ్మడి ముద్ద, చివర కాఫీ గడ్డలు. అడుగున ద్రవం ఉంటేనే బ్లేడు తిరుగుతుంది. గడ్డలు ముందు వేస్తే అది గాలిలో తిరుగుతూ అరుస్తుంది గానీ పని చెయ్యదు. ముందు నాలుగైదు సార్లు ఆపి ఆపి తిప్పు, గడ్డలు చిన్నవవుతాయి. తర్వాత ఇరవై, ముప్పై క్షణాలు ఒకే ఊపున. అంతకు మించి వద్దు. బ్లేడు రాపిడికి వేడి పుట్టి నువ్వు గడ్డకట్టించినదంతా కరగడం మొదలవుతుంది. శబ్దం విను. మొదట గులకరాళ్ళు దొర్లినట్టు ఉంటుంది, తర్వాత గరగర, ఆ తర్వాత ఒక్కసారిగా గొంతు మెత్తబడుతుంది. అప్పుడు ఆపు. పైన చిన్న సుడిగుండం ఏర్పడి, ఆపగానే నెమ్మదిగా పూడుకోవాలి. గ్లాసులను అరగంట ముందే ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది.

పాలు పడని స్నేహితులు ఉంటే ఓట్స్ పాలు వాడు, వెన్నకు బదులు కొబ్బరి నూనె. పైన క్రీము కుప్ప పొయ్యడం నాకు నచ్చదు, నీకు నచ్చితే పోసుకో. మీ అమ్మకు ఇది తాగేదో తినేదో ఇప్పటికీ తేలలేదు, చెంచా వేసుకుని తింటుంది. రెట్టింపు పొడి వేసిన కాఫీ అని మరిచిపోయి రాత్రి పదింటికి తాగావంటే మాత్రం, పన్నెండింటికి నాకు ఫోను చెయ్యకు.

ఈ ఆదివారం చేసి చూడు. గ్లాసులో పొయ్యగానే అందరిదీ అందంగానే ఉంటుంది, కాబట్టి ఆ ఫోటో నాకొద్దు. పోసి బల్ల మీద పెట్టి, పది నిమిషాలు ఆగి, అప్పుడు తీసి పంపు.

ప్రేమతో,
నాన్న