ఆ రాతి మూతను నిలువుగా చూడండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ప్రాచీన మాయా నాగరికతకు చెందిన రాజు పకాల్ సమాధి మూత బొమ్మను అడ్డంగా వేసి, ‘రాకెట్ నడుపుతున్న మనిషి’ అని రాశారు. 1968లో ఒక స్విస్ రచయిత గ్రహాంతరవాసులతో ముడిపెట్టి ప్రచారంలోకి తెచ్చిన కథ ఇది. బొమ్మను నిలువుగా తిప్పితే రాకెట్ ఉండదు. కింద తెరుచుకున్న పాతాళం నోరు, దాని మీద వెనక్కి వాలిన రాజు, పైకి లేచిన విశ్వవృక్షం, చిటారున పక్షి కనిపిస్తాయి.

నేను చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. కాబట్టి నా చూపు బొమ్మ కన్నా ముందు రాయి మీదకే పోతుంది. మెక్సికోలోని పాలెంకేలో ఉన్న ఈ మూత పొడవు సుమారు 3.8 మీటర్లు, వెడల్పు 2.2 మీటర్లు. సున్నపురాయే అయినా టన్నుల్లో బరువు. గది పిరమిడ్ అడుగున ఉంది, దారేమో మలుపు తిరిగే ఇరుకు మెట్లు. అంత పలకను అందులోంచి దించడం ఎవరి వల్లా కాదు. ముందు శవపేటికను, మూతను అక్కడ పెట్టుకుని, ఆ తర్వాతే పిరమిడ్ కట్టారు. పండితులూ ఇదే చెబుతున్నారు. ఇనుప పనిముట్లు, బరువులు లాగే ఎడ్లు లేని మనుషులు చేసిన పని ఇది! ఆ ఘనతను గ్రహాంతరవాసుల ఖాతాలో వేస్తే మాలాంటి రాతిపనివాళ్లకు మండదా?

అసలు కథే రాసి ఉంటే ఎంత బాగుండేది. పిరమిడ్ పైన ఉన్న గుడి నేలలోని ఒక పలకకు రంధ్రాలు, వాటికి రాతి బిరడాలు ఉండటం పురావస్తు శాస్త్రవేత్త అల్బెర్తో రూస్ కంట్లో పడింది. పలక లేపితే మెట్లు కనిపించాయి, కానీ నిండా రాళ్లూ మట్టీ. 1949లో మొదలుపెట్టిన పూడికతీత సాగి సాగి, 1952 జూన్‌లో గానీ గది తలుపు దాకా చేరలేదు. మూతను మోటారు వాహనాల జాకీలతో లేపారు. లోపల ఎర్రటి ఇంగిలీకం, రాజు ముఖం మీద జేడ్ అనే ఆకుపచ్చ రాయి ముక్కలు అతికిన ముసుగు. 12 ఏళ్లకు గద్దెనెక్కి, 683లో 80 ఏళ్ల వయసులో పోయిన రాజు ఆయన.

శవపేటిక పక్కల మీద ఆయన పూర్వీకులు పండ్లచెట్లతో పాటు నేలలోంచి మొలుస్తున్నట్టు చెక్కారు. జామ, సపోటా, అవకాడో ఉన్నాయి. తల్లి వెనక చాక్లెట్ చేసే కకావో చెట్టు.

వచ్చే ఆదివారం మూత బొమ్మను నిలువుగా వేయండి. పక్కనే ఈ చెట్ల బొమ్మలు కూడా వేస్తే పిల్లలు చూస్తారు.

— విశ్రాంత క్వారీ సూపర్‌వైజర్, చీమకుర్తి